సున్నిపిండికి వదలని నలుపు

మా అమ్మాయికి పదిహేడో యేట మెడ వెనక నలుపు మొదలైంది. దీనికి వొళ్ళు రుద్దుకోవడం చేతకాదని నేను తీర్మానించేశాను. ఆదివారం వస్తే చాలు, పీట మీద కూచోబెట్టి, సున్నిపిండీ నిమ్మచెక్కా పెట్టి ఇత్తడి బిందెని తోమినట్టు తోమేదాన్ని. బిందె అయితే మెరిసేది. "మంటే అమ్మా!" అనేది. "మండదూ మరి, అంత మురికీ వదలాలంటే?" అనేదాన్ని.

దానికి తోడు నెలసరి రెండు నెలలకో, మూడు నెలలకో. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయిలే" అన్నాను. ఈ మాట మా అమ్మ నాతో అన్నది; ఆవిడతో వాళ్ళమ్మ అనే వుంటుంది. మా ఇంటి వైద్యశాస్త్రం మొత్తం ఆ ఒక్క ముక్కే! గడ్డం కింద వెంట్రుకలు మొలిస్తే పసుపు రాయమన్నాను. వొళ్ళు చేస్తే అన్నం తగ్గించమన్నాను. వొక్కోదానికీ వొక్కో తిట్టు సిద్ధంగా వుండేది గాని, ఈ నాలుగూ వొకే తీగకి కాసిన కాయలేమో అని మాత్రం తోచలేదు.

దానికి ఇరవై రెండేళ్ళు వచ్చాక, తనే పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ ముందుగా చూసింది మెడనే.

"ఇది మురికి కాదండీ. వొంట్లో ఇన్సులిన్ వుంది, వొళ్ళు దాని మాట వినడం లేదు. అందుకని ఇంకా ఎక్కువ ఊరుతుంది. ఆ ఎక్కువైనదే చర్మాన్ని ఇలా నల్లబరుస్తుంది. అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది కూడా" అంది.

జబ్బు పేరు పి.సి.ఓ.ఎస్. స్కానింగులో నీటిబుడగలు కనిపిస్తేనే ఈ జబ్బు అనుకునేదాన్ని. అదీ కాదట. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ల ఛాయలు వొంటి మీదో రక్తంలోనో కనిపించడం, స్కానింగు - ఈ మూడింటిలో రెండుండాలి. థైరాయిడ్ లాంటివి కావని తేల్చుకోవాలి. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కూచుని పెట్టుకున్న లెక్క ఇది. ఇక ఆ బుడగలంటారా, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండాల తిత్తులేనట. ఇదంతా ఈ కాలపు హోటల్ తిళ్ళ మహత్యం అనుకున్నాను గాని, చికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు 1935లోనే ఏడుగురు స్త్రీలలో చూసి రాశారట. నాకంటే పెద్దది!

"నాకేం తెలుసు?" అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. తెలియక చేసింది తప్పెలా అవుతుందని మనకి మనం ఎంత సులువుగా మాఫీ రాసిచ్చుకుంటాం! కాని పది ఆదివారాలు రుద్దినా వదలనిది మురికి కాదని తెలియడానికి డాక్టరీ చదవాలా? నిజం చెప్పొద్దూ, అనుమానం లేకపోలేదు. పెళ్ళి కావలసిన పిల్ల ఆ ఆస్పత్రి మెట్లెక్కితే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం దాన్ని నొక్కేసింది. ఆ నలుగురెవరో ఇవాళ్టికీ నాకు తెలీదు. మంట మాత్రం దాని మెడకి.

ఇది కుటుంబాల్లో వస్తుందని డాక్టరమ్మ అన్నదట. మొన్న మా అమ్మాయి నాకూ సుగరు పరీక్షకి చీటీ రాయించుకొచ్చింది. "నాకేమే, నిక్షేపంలా వుంటేనూ" అన్నాను.

"నీ మెడ నీకు కనిపిస్తుందా? ఇటు తిరుగు" అని నా జడ పక్కకి తప్పించింది.