పసిచేతుల మట్టి గణపతి

2020 మార్చి 25న, శార్వరి నామ సంవత్సర ఉగాదినాడు, కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మూతపడిన బడులు ఆగస్టు 22న వినాయక చవితి వచ్చేనాటికి కూడా తెరుచుకోకపోవడంతో, ఎందరో తెలుగు తల్లిదండ్రులు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని బంకమట్టితో ఇంట్లోనే గణపతిని చేశారు. వీధి పందిళ్ళపై ఆంక్షలుండగా, అంతకు ముందటి ఏడు 61 అడుగుల ఎత్తున కొలువుదీరిన ఖైరతాబాదు గణపతి కూడా ఆ ఏడు 9 అడుగులకే పరిమితమయ్యాడు. పిల్లలకు పొద్దుపోవడానికి నేర్పిన కాగితపు బొమ్మల, రంగుల పనుల వరుసలోనే మొదలైన ఈ మట్టిపని, పూజాపీఠం దగ్గరకు వచ్చేసరికి రెండు తాత్త్విక ప్రశ్నలను లేవనెత్తుతుంది: ఆటగా చేసిన బొమ్మ ఆరాధనకు తగిన ప్రతిమ అవుతుందా, అయితే నీటిలో కలిసిన తరువాత అందులో మిగిలేది ఏమిటి?

మొదటి దానికి శాస్త్రం ఇచ్చిన సమాధానం చాలామంది ఊహించేదానికంటే ఉదారమైనది. భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునికి అర్చనావిధానం బోధిస్తూ, రాయి, కొయ్య, లోహం, లేప్యం (మట్టి వంటి వాటిని మెత్తి తీర్చినది), చిత్రం, ఇసుక, మణి, మనస్సు అని ఎనిమిది విధాల ప్రతిమలను పేర్కొన్నాడు. మనస్సులో భావించుకున్న రూపం కూడా శిలావిగ్రహం పక్కనే చోటు పొందడం గమనించదగినది. ఆలయ విగ్రహాలకు తాలమానం, అంటే ముఖం పొడవును ప్రమాణంగా తీసుకుని అవయవాలను లెక్కగట్టే కొలత, తప్పనిసరి కాగా, మట్టితోనో, ఇసుకతోనో, పిండితోనో చేసిన ప్రతిమలలో లక్షణాలు లోపించినా దోషం లేదని శుక్రనీతిసారం మినహాయింపు ఇచ్చింది. కనుక తొండం ఒక పక్కకు ఒరిగినా, గురివింద గింజల కళ్ళు ఎగుడుదిగుడుగా కుదిరినా ఆ మూర్తికి శాస్త్రరీత్యా లోటు లేదు. దానిలో దైవసన్నిధి కలిగేది ఆవాహనతో, అంటే దేవతను అందులోకి రమ్మని భక్తితో పిలవడంతో. వ్రతకథ ప్రకారం గణపతి పుట్టుకే నలుగుపిండితో ఒక తల్లి చేసిన చేతిపని. అటువంటప్పుడు, పిల్లలు నిద్రపోయాక ఆ వంకర తొండాన్ని గుట్టుగా సరిదిద్దే పెద్దలు శాస్త్రం అడగని నునుపును కోరి, పిల్లల శ్రద్ధను చిన్నబుచ్చినవారవుతారు.

రెండవ ప్రశ్న మరింత లోతైనది. పన్నెండేళ్ళు గురుకులంలో చదివి, ఇరవైనాలుగవ ఏట గర్వంతో ఇల్లు చేరిన శ్వేతకేతువుకు, ఆ చదువులో దొరకని విషయాన్ని తండ్రి ఉద్దాలకుడు మట్టిముద్దను ఉదాహరణగా తీసుకుని బోధించాడని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయం చెబుతుంది. ఒక్క మట్టిముద్దను ఎరిగితే మట్టితో చేసినవన్నీ ఎరిగినట్టేనన్నది ఆ బోధలోని మొదటి మాట. దీనిని శంకరులు, కుండ, మూకుడు వంటి వికారాలు, అంటే మార్పువల్ల ఏర్పడిన రూపాలు, పేరుకు మాత్రమే ఉన్నవని, సత్యం మట్టియేనని వ్యాఖ్యానించారు. రామానుజులు మాత్రం కుండను మట్టి పొందిన ఒక అవస్థగా, అంటే స్థితిగా గ్రహించి, మట్టి ఎంత నిజమో ఆ అవస్థ కూడా అంతే నిజమన్నారు. నిమజ్జనానికి ముందు చేసే ఉద్వాసనలో దేవతను స్వస్థానానికి సాగనంపుతారు. ఆ తరువాత బకెట్టు నీటిలో తాను చేసిన గణపతి కరిగిపోతుంటే ఏడ్చే పిల్లవాడికి ఈ ఇద్దరి మాటలూ రెండు వేర్వేరు జవాబులవుతాయి. శంకరుల దృష్టిలో పోయినది నామరూపమే గాని వస్తువు కాదు. రామానుజుల దృష్టిలో నిజంగా ఉన్న రూపమే నిజంగా మారింది, కనుక ఆ కన్నీటికి కూడా కారణం ఉంది. వేదాంత విచారంలో మొదటిది ఎంత గంభీరమైనదైనా, ఎన్నో కుటుంబాలు తాతలను, అమ్మమ్మలను కడసారి చూపుకైనా నోచుకోకుండా పోగొట్టుకున్న ఆ సంవత్సరంలో, ఏమీ పోలేదని చెప్పడం కంటే, ఉన్నదే మారిందని చెప్పి పిల్లవాడిని ఏడవనివ్వడమే సత్యానికీ దయకూ దగ్గరగా ఉండే మార్గం.

పిల్లలతో కూర్చుని మట్టి బొమ్మ చేసే తీరిక ఆ ఏడు అందరికీ దక్కలేదని కూడా చెప్పుకోవాలి: ఉపాధి పోయి, పిల్లలను చంకన వేసుకుని సొంత ఊళ్ళకు నడిచిన వలస కూలీలకు ఆ నెలలు ఆటల కాలం కావు, హైదరాబాదులోని ధూల్‌పేట విగ్రహకారులకు అది గిరాకీ లేని ఏడు. మట్టి ఉన్న ఇల్లు, పక్కన కూర్చునే తల్లి, తండ్రి ఉండటమే ఆనాటి పిల్లలకు పెద్ద భాగ్యం.

ఆంక్షలు తొలగి, బజారు విగ్రహాలు మళ్ళీ ఇళ్ళకు చేరుతున్నాయి. విగ్రహాన్ని విగ్రహకారుని దగ్గరే కొన్నా, ఒక ముద్ద బంకమట్టి కూడా తెచ్చి పిల్లల చేతికివ్వాలి. వారు చేసిన గణపతిని, తొండం ఎటు తిరిగినా సరే, అలాగే పాలవెల్లి కింద కూర్చోబెట్టాలి.