వెలుగును తెలుపును

ఛాయాచిత్రమునందు వెలుగును, వన్నెలను కంటికి గోచరించిన దానికంటె మిన్నగా జూపుట ధర్మమా, అధర్మమా యని మేము పలుమాఱు తర్కించుకొంటిమి. చిత్రము మెఱయవలెనని కోరుట తప్పు గాదు. అయినను వస్తువును మెఱయనిచ్చుట వేఱు. దానిపై మెఱుగు పూయుట వేఱు. ఈ భేదము నెఱుగకపోవుటచే మన యిండ్లలో నొక యన్యాయము వేడుకగా చెల్లుచున్నది.

మహానంది క్షేత్రమును చూడనివారు మన సీమలో అరుదు. 2022వ సంవత్సరమునుండి నంద్యాల జిల్లాలో చేరిన యీ క్షేత్రము నల్లమల కొండల పాదమున నున్నది. వేసవిలో సీమయందలి మెట్టనేలలు బీటలువాఱుచుండగా, ఇచ్చటి యూట యెడతెగక కోనేటిని నింపి, వెలుపలి పొలములకును అరటితోటలకును పాఱుచుండును. కోనేటిలో నాణెము పడవేసినచో అడుగున స్పష్టముగా కనబడును. అట్టి నీటిని ఛాయాచిత్రము తీయబోయిన వారికి మాత్రము ఆ నిర్మలత్వము తఱచుగా చిక్కదు. నీటిపై ఆకాశము ప్రతిఫలించి, తెల్లని పొరవలె అడుగును కప్పివేయును. అప్పుడు కెమెరా ముందు పోలరైజరు అను గాజుబిళ్ల నమర్చి మెల్లగా త్రిప్పినచో ఆ పొర చాలవఱకు తొలగిపోవును. నాణెము మరల కనబడును. ఏలయన, నీటిపై ఏటవాలుగా పడి మరలివచ్చు వెలుగు ప్రధానముగా ఒక దిశయందే కంపించును. బిళ్ల ఆ దిశనున్న వెలుగు నడ్డగించును.

"ఉన్నదానిని మార్చుట అసత్యమైనచో ఈ బిళ్లయు అసత్యసాధనమే గదా?" యని యొకరు మమ్మడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. కాని మానవుని నిర్ణయము లేని వర్ణచిత్రము లోకమున పుట్టనేలేదు. 1861లో మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక రంగుల పట్టీని ఎఱుపు, ఆకుపచ్చ, నీలము తెరలగుండ వేఱువేఱుగా చిత్రింపజేసి, ఆ మూడింటిని ఒకేచోట ప్రసరింపజేసి వన్నెలను చూపెను. ఫ్రాన్సు దేశీయులైన లూమియేర్ సోదరులు 1907లో విక్రయమునకు దెచ్చిన పలకలలో బంగాళాదుంప పిండి రేణువులకే రంగులద్దిరి. నేటి కెమెరాలలో పెక్కింటియందు ఒక్కొక్క బిందువు మూడు రంగులలో నొక్కదానినే కొలుచును. తక్కిన రెండును ఇరుగుపొరుగు బిందువులనుబట్టి లెక్కకట్టబడును. కావున "మార్చితివా?" యని కాదు, "దేనికొఱకు మార్చితివి?" యని యడుగవలయును. బిళ్ల పొరను తొలగించి ఉన్న నాణెమును చూపినది. లేని నాణెమును సృష్టింపలేదు. ఇది న్యాయమైన మార్పు.

ఇక రెండవ తీరు మార్పునకు వత్తము. ఒకప్పుడు మేము ఆ క్షేత్రముననే యొక వివాహమునకు పోయియుంటిమి. వధువు మన యెండలలో పుట్టి పెరిగిన నల్లని పిల్ల. ఎఱ్ఱని పట్టుచీరలో, ఉదయపు టెండలో, నుదుట చెమటబిందువులతో ఆమె మొగము నిగనిగలాడుచుండెను. కొన్నాళ్లకు చిత్రముల పుస్తకము వచ్చెను. చీర ఎఱుపు చీరదే, తోరణముల పచ్చదనము తోరణములదే. వధువు మొగము మాత్రము పాలపిండి చల్లినట్లుండెను. ఆమె యవ్వ పుటలన్నియు త్రిప్పి, "ఇందులో మా పిల్ల యాడుంది నాయనా?" యని మమ్మడిగెను. మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి.

ఛాయాగ్రాహకుడు ఆ మొగమునకు వెలుగునిచ్చెనని కొందఱందురు. అది పొరపాటు. కెమెరా తనంతట వెలుగును కొలుచునపుడు దృశ్యమును నడిమి బూడిదవన్నెగా నెంచును. వెనుక తెల్లని గోడయున్నచో అది వెలుగును తగ్గించును. నల్లని మొగము చీకటిలో మునుగును. నేర్పరియైనవాడు అప్పుడు ఆ మొగమునకు తగినంత వెలుగును లోనికి రానిచ్చును. లేదా ఒక తెల్లని గుడ్డపై ఎండను పట్టి మొగముపైకి మరలించును. అంతట నుదుటి మెఱుపును, చెక్కిలి నీడయు, కన్నుల కాంతియు వేఱువేఱుగా తేలును. వెలుగనగా ఈ తారతమ్యమే. తెలుపు పూసినచో ఇది నశించును. కావున తెలుపు పూయువాడు నలుపునే కాదు, వెలుగును సైతము చంపుచున్నాడు.

ఈ దోషము మనదొక్కరిదే కాదు. అమెరికాలో కొడాక్ సంస్థవారు గతశతాబ్దమున రంగులు సరిచూచుకొనుటకు చిత్రశాలలకు పంపిన నమూనాపత్రములపై చిరకాలము తెల్లని స్త్రీయే యుండెను. నల్లనివారి మొగములందలి వివరములు ఆ ఫిల్ములలో చక్కగా పలుకలేదు. చాకొలెట్టులు, చెక్కసామానులు అమ్మువారు తమ సరకుల గోధుమవన్నెలు సరిగా రాలేదని మొఱపెట్టుకొనిన పిమ్మట ఫిల్మును బాగుచేయ పూనుకొనిరని అచ్చట పనిచేసినవారే చెప్పిరి. మనుష్యులకంటె ముందుగా చాకొలెట్టునకు న్యాయము లభించినది!

"పెండ్లివారే కోరుచుండగా వృత్తివారి తప్పేమి?" యని మఱియొక యాక్షేపము. కోరుచున్నారు, నిజమే, వెఱచి కోరుచున్నారు. సంబంధము చూచువారికి పంపు చిత్రమునందు పిల్లను తెలుపుచేయుదురు. వచ్చి చూచినవారు మోసమని గొణుగుదురు. ఆ చిత్రమును తానడుగని పిల్ల ఆ చూపుల భారమును మోయును. కృష్ణుని నలుపును తనివిదీర కీర్తించు మనము, మన కడుపున పుట్టిన నలుపును దాచుకొనుచున్నాము. ఈ భయమును పుట్టించినది కెమెరా కాదు, మనమే.

కావున వివాహచిత్రములు తీయించు తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటియే. ఛాయాగ్రాహకునితో ముందుగనే యిట్లు చెప్పుడు: "అయ్యా, మా పిల్లకు ఎంత వెలుగైన నిండు, ఆమె వన్నెను మాత్రము మార్చకుడు." ఆ పుస్తకమును రేపు విప్పిచూచు అవ్వకు తన పిల్లను వెదకుకొను దుర్గతి పట్టకుండుగాక.