విస్తళ్ళు ఎత్తిన చోటే రంగపూజ

చిన్న ఊళ్ళో ఒకే హాలు కట్టి పెళ్ళిళ్ళు, హరికథలు, నాటకాలు, ఎన్నికల సభలు అన్నీ అందులోనే జరుపుకుందామంటే, కళ మీద భక్తి ఉన్నవాళ్ళు మొహం చిట్లిస్తారు. నిన్న విస్తళ్ళు ఎత్తిన చోట ఇవాళ రంగపూజ ఏమిటని వాళ్ళ బాధ. ఒకే పనికి అంకితమైతేనే చోటుకి పవిత్రత వస్తుందన్న నమ్మకం దీని వెనక ఉంది. నాట్యశాస్త్రం మాత్రం అలా అనదు. కొత్త నాట్యగృహానికి ఒకసారి రంగపూజ చేయించాక కూడా, ప్రతి ప్రదర్శనకీ ముందు దేవతాస్తుతితో కూడిన పూర్వరంగం జరపమంటుంది. చోటు ఒక్కసారే, శాశ్వతంగా పవిత్రమైపోతే ఈ రెండోది దేనికి? దేవతల్ని ఏ పూటకా పూట పిలుచుకోవాల్సిందే. పిలిచేవాళ్ళుంటే నిన్నటి భోజనాలు అడ్డం కావు. హంపి విరూపాక్షాలయంలో 1510లో కృష్ణదేవరాయలు కట్టించిన రంగమండపం గర్భగుడి ముందే ఉంది. మన గుళ్ళ మండపాల్లో పురాణమూ, నాట్యమూ, దేవుడి పెళ్ళీ ఇరుగుపొరుగుగానే సాగాయి.

ఆ మండపాల్లోకి అందర్నీ రానిచ్చారా అని అడిగితే, లేదనే చెప్పాలి. నా దృష్టిలో అసలు మైల అదే. కులం అడక్కుండా, ఒకే అద్దెకి ఎవరికైనా ఇచ్చే పురపాలక హాలు ఆ విషయంలో మండపం కన్నా మెరుగు. ఉదాహరణకి, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటక సమాజాలు నడిపిన బళ్ళారిలో, తెలుగూ కన్నడమూ రెండింట్లోనూ నటించిన రాఘవ (1880–1946) ఊళ్ళో, ఆంధ్ర, మైసూరు రాష్ట్రాల మధ్య 1953లో గీసిన సరిహద్దుకి ఇటూ అటూ ఉన్నవాళ్ళు కలిసి కూర్చునే చోటు ఇంకెలా ఉండాలి?

అన్నిటికీ పనికొచ్చేది దేనికీ సరిగ్గా పనికిరాదన్న అభ్యంతరం మరింత గట్టిది. మాట స్పష్టంగా వినపడాలంటే ప్రతిధ్వని తక్కువుండాలి, పాటకి కాస్త ఎక్కువుండాలి. గోడల వెంబడి లాగి మూసే మందపాటి తెరలతో దీన్ని చాలావరకు సర్దుకోవచ్చు. పరిమాణం దగ్గర మాత్రం సర్దుబాటు కుదరదు. మనుషులకి 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు చాలన్నాడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. అంతకు మించితే మాట చెదిరిపోతుందనీ, మొహంలో భావం కనపడదనీ కారణం కూడా చెప్పాడు. ఇందులో సగం ప్రేక్షకులది, అంటే సుమారు 48 అడుగుల చదరం. చివరి వరస ముసలమ్మకి కూడా నటుడి కనుబొమ కదలిక అందుతుంది. హాలు కొండగుహలా, చిన్న కిటికీలతో ఉండాలన్న ఆయన మాటని బళ్ళారి ఎండల్లో తు.చ. తప్పకుండా పాటిస్తే జనం ఉడికిపోతారు. పెద్ద కిటికీలే పెట్టి, గట్టి చెక్క తలుపులు బిగిస్తే తోలుబొమ్మల వాళ్ళకి కావలసిన చీకటీ దొరుకుతుంది. ఇక ముహూర్తాల రోజుల్లో పెళ్ళి అద్దెలు నాటకాన్ని బయటికి గెంటకుండా, వారానికి ఒక సాయంత్రం ప్రదర్శనలకే అని కట్టేముందే నిబంధనల్లో రాసుకోవాలి.