పరదేశి పక్షికి మన చేనిలో వంతు గలదా?



సార్వా కోతలు ముగిసి దాళ్వాకు దమ్ము చేయు దినములలో మలికిపురమునుండి దిండివైపు కాలువ గట్టున నడచి చూడుడి. ట్రాక్టరు వెనుకనే తెల్లకొంగలు వరుసగా నడచును. ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కు గుచ్చుచు తిరుగును. కాటుకపిట్ట తోక ఆడించుచు గట్టుమీద పరుగెత్తును. కొంగ మన ఊరిదే. గోదావరి డెల్టా నీళ్లలో దిగు సూదితోక బాతు మాత్రము సైబీరియా వంటి ఉత్తర దేశములలో పుట్టి, అక్కడ నీరు గడ్డకట్టు వేళకు ఇటు వచ్చును. 1959లో సలీం అలీ గారి పూనికతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పక్షుల కాళ్లకు ఉంగరములు తొడుగు పనిని పెద్దయెత్తున చేపట్టిరి. ఇచ్చట తొడిగిన బాతులు రష్యా దేశములో దొరికినవి. యిర్మీయా ప్రవక్త (8:7) ఏ ఉంగరము లేకయే సంకుబుడి కొంగ రాకపోకలు గమనించి, దానికున్న తెలివి తన జనులకు లేదని దుఃఖించెను.

అయితే చూచి ఆనందించుటతో సంగతి తీరదు. మన ప్రాంతమున అనేక వరిచేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినవి. అప్పు తెచ్చి పిల్లను వదలిన రైతు, నీటికాకులు గుంపుగా దిగి మునుగుట చూచి ఎట్లు ఊరకుండును? వల కప్పును, దారములు కట్టును, టపాకాయలు కాల్చును. ఆ వలలో రెక్క చిక్కి రాత్రియంతయు వ్రేలాడి చచ్చిన పక్షిని మీలో కొందరు చూచియుందురు. అడవి పక్షులను చంపుట 1972 చట్టము ప్రకారము నేరమే. నేను అడుగునది మనస్సాక్షి మాట.

మనుష్యునికి దేవుడు ఏలుబడి ఇచ్చెను గదా అందురు. నిజమే, గాని అంతకుముందే పక్షులను విస్తరించుడని ఆశీర్వదించెను (ఆదికాండము 1:22). నిర్గమకాండము 23:11లో బీడు విడిచిన భూమి పంట మొదట బీదలకు, వారు మిగిల్చినది అడవి మృగములకు చెందెను. మృగమునకు వంతు ఉన్నది, బీదవాని తరువాత. కాబట్టి ఆకలికి ఉచ్చు పన్నిన కూలివానిని, రుచి కొరకు పిట్టమాంసము వెదకి కొనువానిని ఒక్క తక్కెడలో తూచరాదని నా తలంపు. మొదటివాని ఆకలికి సంఘమంతయు జవాబుదారి. రెండవవాడు తన జవాబు తానే చెప్పుకొనవలెను.

ద్వితీయోపదేశకాండము 22:6, 7 మరింత సూటిగా నున్నది. గూటిలోని పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని విడువవలెను. తీసికొనుట కాదు, తుడిచిపెట్టుటే అక్కడ నిషేధము. తలిదండ్రులను సన్మానించు వానికి వాగ్దానము చేసిన మేలును దీర్ఘాయువును ఈ చిన్న ఆజ్ఞకును జోడింపబడెను! శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో గూడబాతులు చెట్లమీద గూళ్లు కట్టగా ఊరివారు వాటిని కాచుదురు.

వల కప్పక తప్పనివారు సన్నని దారము మాని, పక్షి కంటికి కనబడు వలను బిగించి కట్టుడి. తెల్లవారగానే ఒకసారి చుట్టి రండి. చిక్కినదాని తలమీద తువ్వాలు కప్పిన యెడల చీకటిలో అది అంతగా పెనుగులాడదు. అప్పుడు రెక్క విరుగకుండ ముడి విప్పవచ్చును.