నిద్ర పట్టేదాకా ఎవరి హోదా వారిదే

మే నెలలో జహీరాబాద్ పగళ్లు నలభై డిగ్రీలు దాటుతాయి. పొద్దంతా ఎండ తాగిన స్లాబు, చీకటి పడ్డాక ఆ వేడినంతా గదిలోకి దింపుతుంది. ముంబై హైవే పక్కన, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ చుట్టుపక్కల అద్దె గదుల్లో రాత్రి షిఫ్టు దిగి పట్టపగలే నిద్రపోవాల్సినవాళ్లు కూడా ఉంటారు. దోమలకూ దుమ్ముకూ భయపడి కిటికీ మూసేస్తారు. పైన ఫ్యాను టకటకలాడుతూ తిరుగుతుంది. అలాంటి గదిలో చప్పుడు లేని ఫ్యాను కావాలనుకోవడం అవసరమా, సుఖలాలసా? మన మతాలు ఈ సంగతిని ఫ్యాను పుట్టకముందే తర్కించాయి.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడికి గాఢనిద్ర గురించి చెబుతాడు. ఆ స్థితిలో తండ్రి అన్న వరస ఉండదు, దొంగ అన్న ముద్ర ఉండదు, కులం ఉండదు. ఒక రాజు ముందు ఈ మాట అనడంలోనే చమత్కారం ఉంది, నిద్రలో జనకుడూ రాజు కాడు మరి. కానీ ఉపనిషత్తు చెప్పింది నిద్ర పట్టాక సంగతి. పట్టేదాకా ఎవరి హోదా వారిదే.

కావాలంటే పంకా చరిత్ర చూడండి. బ్రిటిష్ కాలపు బంగళాల్లో పైకప్పు నుంచి పెద్ద గుడ్డ పంకా వేలాడేది. దాని తాడును గోడ కన్నంలోంచి వరండాలోకి తీసేవారు. అక్కడ కూర్చున్న కూలీ రాత్రంతా చేత్తోనో, కాలికి కట్టుకునో ఆ తాడు లాగాలి. అతను కునికితే గాలి ఆగుతుంది. గాలి ఆగితే లోపల దొర లేస్తాడు, ఆపైన తిట్లో తన్నులో కూలీ వంతు. దొరతనమే మిగలని చోటికి దొర చేరుకోవాలంటే బయట ఒక మనిషి మేలుకుని ఉండాలన్నమాట! 1880లలో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఇంజనీరు కుట్టుమిషను మోటారును సీలింగుకు బిగించి రెక్కలు తగిలించాడు. వేదాంతులెవరూ ఆ యంత్రాన్ని లెక్కలోకి తీసుకోలేదు గానీ, ఒకరి నిద్రకు ఇంకొకరి జాగరణ అక్కర్లేకుండా చేసింది అలాంటి మోటారే.

బుద్ధుడు ఈ విషయంలో చాలా ఆచరణజ్ఞుడు. వినయ పిటకంలోని చుల్లవగ్గ ప్రకారం భిక్షువులకు తాటాకు విసనకర్రను, దోమలు తోలే వీవనను అనుమతించాడు. నారతో, వట్టివేరుతో, నెమలి ఈకలతో చేసినవీ సరేనన్నాడు. చామరం మాత్రం వద్దన్నాడు. ఉక్కపోతకు విసురుకోవచ్చు, రాజరికం ఒలకబోయకూడదు. (గుడిలో దేవుడికి వీచేది ఆ చామరమే. తిరుమల ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని ఊయల మంచం మీద పవళింపజేసి జోల పాడతారు. భక్తి మార్గానికి సుఖనిద్ర పాపంగా తోచలేదు.)

అంగుత్తర నికాయంలోని కథ ఇంకాస్త ఇబ్బంది పెడుతుంది. ఆళవి దగ్గర అడవిలో, చలికాలంలో, పశువుల గిట్టలు పడి గట్టిపడిన నేల మీద బుద్ధుడు ఆకులు పరుచుకుని ఉన్నాడు. బాగా నిద్రపట్టిందా అని హత్థకుడు అనే అతను అడిగాడు. పట్టిందన్నాడు బుద్ధుడు. గాలి చొరబడని మేడలో మెత్తని పరుపు మీద పడుకున్నవాణ్ణి కూడా రాగద్వేషాలు కాల్చి నిద్ర పట్టనివ్వవని వివరించాడు. నిజమే. ఫ్యాను చప్పుడు పూర్తిగా ఆగితే హైవే మీద లారీ హారన్లతో పాటు మన బుర్రలోని అప్పుల లెక్కలు కూడా వినిపిస్తాయి. అయినా ఎనిమిది గంటలు మిషను దగ్గర నిలబడి వచ్చినవాడికి ఈ కథ చెప్పి ఫ్యాను మానుకోమనడం అన్యాయం.

జైనం మాత్రం మానుకోమనే అంటుంది, సాధువుల్ని. గాలిలోనే వాయుకాయ జీవులున్నాయన్నది దాని సిద్ధాంతం. విసనకర్రతో గానీ ఆకుతో గానీ బట్ట చెంగుతో గానీ విసురుకోవద్దని దశవైకాలిక సూత్రం విధించింది. ఇప్పటికీ జైన సాధుసాధ్వులు ఫ్యాను వేసుకోరు. ఛాందసమని తోసేయవచ్చు. కానీ నా గాలి కోసం ఎక్కడ, ఎవరికి హాని జరుగుతోంది అని వాళ్లు వేసుకున్న ప్రశ్న పాతబడలేదు. జహీరాబాద్‌లో స్విచ్ వేస్తే రామగుండంలోనో కొత్తగూడెంలోనో బొగ్గు కాలుతుంది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తాగితే, కొత్తరకం బీఎల్‌డీసీ మోటారుది ముప్పై చిల్లర. రెగ్యులేటర్ తగ్గించినప్పుడు పాత మోటారు చేసే గుంయ్‌మనే రొద కూడా దీనికి ఉండదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. ఇక్కడ సుఖమూ సంయమమూ ఒకే పెట్టెలో వచ్చాయి, ఇది అరుదు.

అలాగని ఆ పెట్టె అన్నీ చేసిపెట్టదు. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది, అంతే. మధ్యాహ్నం గది నలభై దాటాక అది వేడిగాలినే మొహాన కొడుతుంది, అప్పుడు తడిగుడ్డ మేలు. మూసిన గదిలో వదిలిన ఊపిరినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. కిటికీకి దోమల జాలీ కొట్టించి, ఎదురు గోడకు వెంటిలేటర్ పెడితేనే గాలి మారుతుంది. ఆ గోడ అద్దెకున్నవాడిది కాదు, ఇంటి ఓనరుది. సుఖలాలస అని ఎవరినైనా నిలదీయాల్సి వస్తే, ఎదురు కిటికీకి జాగా వదలకుండా గది మీద గది కట్టి అద్దెలు పుచ్చుకునే ఆయనతో మొదలుపెట్టవచ్చు.