కన్నీరు, సాక్షి సంతకం

రెండు నెలల క్రితం ఒక ఆదివారం సాయంత్రం, గచ్చిబౌలిలో నా పూర్వ విద్యార్థి ఒకడు అద్దెకుంటున్న ఇంట్లో ఆరుగురం కూర్చుని టెలివిజనులో ఒక అమెరికన్ అపరాధ కథ చూచాము. నేను తప్ప తక్కినవారంతా ముప్ఫై ఏళ్ళ లోపువారు. మాదాపూరు, కొండాపూరు ప్రాంతాల ఐ.టి. కంపెనీలలో పనిచేస్తున్నవారు. ధారావాహిక పేరు 'కోల్డ్ కేస్'. 2003 నుంచి 2010 వరకు సి.బి.ఎస్. సంస్థ దానిని ప్రసారం చేసింది. ఏనాడో తేలకుండా మూతపడిన హత్య కేసులను ఫిలడెల్ఫియా నగర పోలీసులు తిరగతోడటం అందులోని వస్తువు. మేము చూచిన భాగం 2006 డిసెంబరులో వచ్చిన 'ఫరెవర్ బ్లూ'. 1968లో ఒకే గస్తీ కారులో తిరిగే ఇద్దరు పోలీసు యువకులు ఒకరినొకరు ప్రేమించుకొంటారు. వారిలో ఒకడు ఆ కారులోనే తుపాకి దెబ్బకు ప్రాణం విడుస్తాడు. చంపినవారు బయటి నేరస్థులని లోకం నమ్ముతుంది. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, హత్య వెనుక తోటి పోలీసులే వున్నారని బయటపడుతుంది.

కథ ముగిసేసరికి గదిలో అందరి కళ్ళూ చెమర్చినవి. "ఆ రోజుల్లో మనుషులు ఎంత మూర్ఖులో!" అని ఒకమ్మాయి అన్నది. "ప్రేమించుకొంటే వీళ్ళ సొమ్మేం పోయింది?" అన్నాడు మరొకడు. ఇంతలో ఇంటివానికి ఊరినుంచి తల్లి ఫోను చేసింది. అతడు బాల్కనీలోకి పోయి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. సంగతేమిటంటే, అతని చెల్లెలు తనతో పనిచేస్తున్న ఒక దళిత యువకుణ్ణి పెళ్ళాడుతానంటున్నది. ఇంట్లో తండ్రి అన్నం మానేశాడు. "సార్, మీరొకసారి దానితో మాట్లాడండి. మీ మాటంటే దానికి గురి. కొన్నాళ్ళు ఆగమనండి, చాలు" అన్నాడు అతడు. పావుగంట క్రితం కన్నీరు తుడుచుకొన్న మిత్రులే ఒక్కొక్కరుగా అందుకొన్నారు: ప్రేమ తప్పని కాదు గాని తల్లిదండ్రుల బాధ కూడా చూడాలి గదా; పెళ్ళంటే ఇద్దరి వ్యవహారమా; ఊళ్ళో తలెత్తుకు తిరగాలి గదా.

తాము ఇంతకు ముందు అన్నదానికీ, ఇప్పుడు అంటున్నదానికీ పొత్తు కుదరదని వారిలో ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తోచలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఈ వైరుధ్యాన్ని 'వంచన' అని కొట్టిపారవేయటం సులభం. కాని ఆ యువకులు వంచకులు కారు. వారి కన్నీరు నిజమైనదే. అందువల్లనే ఇది ఆలోచించదగిన ప్రశ్న అవుతున్నది. గతంలో జరిగిన నిషిద్ధ ప్రేమ కరుణరసంగా కనిపించి, వర్తమానంలో మన గడపలో జరిగినది అపరాధంగా కనిపించటానికి కారణమేమి? తెరముందు కార్చే కన్నీటికి నైతికమైన విలువ ఏపాటిది?

మన ఆలంకారికులు ఈ ప్రశ్నను ఒక విధంగా స్పృశించారు. నాటకంలోని శోకం ప్రేక్షకునికి ఆస్వాద్యం కావటానికి 'సాధారణీకరణం' కారణమని భట్టనాయకుడు చెప్పాడు. అభినవగుప్తుడు దానిని మరింత ముందుకు తీసుకువెళ్ళాడు. శోకిస్తున్నవాడు నా మిత్రుడో, శత్రువో, నా బంధువో అనే భేదం అణగిపోయినప్పుడే శోకం రసం అవుతుంది. సిద్ధాంతంగా ఇది గొప్పదే. ఐతే దీనిలో ఒక చిక్కు వుంది. 'నాది' అనే సంబంధం తెగినప్పుడు పుట్టిన కరుణ, ఆ సంబంధం తిరిగి ముడిపడగానే ఏమవుతుంది? దీపాలు వెలిగి, ఫోను మోగి, 'నా చెల్లెలు', 'నా కులం', 'నా ఊరు' అనేవి గదిలోకి రాగానే ఆ కరుణ నిలవదు. అది నిలవవలసిన అవసరం రంగస్థలం మీద ఎన్నడూ రాలేదు గనుక.

ఫేరే నగరాన్ని ఏలిన అలెగ్జాండరు అనే నియంత కథను ప్లూటార్కు చెప్పాడు. ట్రాయి స్త్రీల దుఃఖాన్ని వర్ణించే విషాద నాటకం చూస్తూ ఆ నియంత మధ్యలోనే లేచిపోయాడట. తన చేత చచ్చినవారిలో ఒక్కరిమీద కూడా జాలి చూపనివాడు నాటకంలోని హెకూబా కోసం ఏడుస్తున్నాడని పౌరులు చూస్తారేమోనన్న సిగ్గు అందుకు కారణం. రూసో 1758లో నాటకశాలను గురించి రాసిన లేఖలో ఈ ధోరణినే విమర్శించాడు. కల్పిత దుఃఖానికి కన్నీరు కార్చిన మనిషి, మానవత్వానికి తాను చెల్లించవలసిన బాకీ తీరిపోయినదని సంతృప్తి పడతాడనీ, కష్టంలో వున్న సజీవ మానవుడు మననుంచి శ్రమనూ త్యాగాన్నీ కోరతాడు గనుక అతనికి దూరంగా వుంటాడనీ అతని వాదం. ఆ నియంతకు కనీసం సిగ్గు కలిగింది. మా గదిలో ఎవరికీ సిగ్గు కలుగలేదు.

దీనికి తోడు అపరాధ కథా ప్రక్రియకే ఒక స్వభావం వుంది. దానికి ఒక హంతకుడు కావాలి. అతని చేతులకు బేడీలు పడగానే మిగిలిన సమాజమంతా నిర్దోషి అయిపోతుంది. ప్రేక్షకుడు డిటెక్టివు పక్షాన నిలబడి హాయిగా నిద్రపోతాడు. కాని ప్రేమించిన నేరానికి మనిషిని చంపే చోట హంతకుడు ఒక్కడే వుండడు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఆసుపత్రినుంచి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి, గర్భిణి అయిన భార్య చూస్తుండగానే నరికి చంపారు. కిరాయి ఇచ్చి చంపించినది ఆమె తండ్రే అన్నది అభియోగం. తీర్పు రాకముందే, 2020లో అతడు ఆత్మహత్య చేసుకొన్నాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్షా, ఆరుగురికి యావజ్జీవమూ విధించింది. అపరాధ కథ ఐతే ఇక్కడ ముగిసిపోవాలి. కాని హత్య జరిగిన కొత్తలో ఆ తండ్రికి మద్దతుగా ఊరేగింపు తీసినవారు వున్నారు. 'కన్న కడుపు' అంటూ చర్చించినవారు వేలమంది వున్నారు. వీరి పేర్లు ఏ అభియోగపత్రంలోనూ వుండవు. చట్టం వీరిని శిక్షించజాలదు, శిక్షించాలని నేననను. ఐనా ఆ హత్యకు ధైర్యమిచ్చిన గాలి వీరు పీల్చి వదలినదే.

ఈ ఘోరం పల్లెలకూ, చిన్న పట్టణాలకూ చెందినదనీ, గాజుమేడల నగరం దీనికి అతీతమనీ కొందరి నమ్మకం. సైబర్ టవర్సు 1998లో వెలిసినవి. పాతికేళ్ళు దాటిన తర్వాత కూడా కులాలవారీగా సంబంధాలు వెదికిపెట్టే వ్యాపారం కంప్యూటర్ల మీదనే మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతున్నది. 2020 సెప్టెంబరులో ఇదే గచ్చిబౌలి ప్రాంతంలో ఒక కొత్త జంటను అమ్మాయి బంధువులే బలవంతంగా కారులో ఎక్కించుకుపోయారు. అమ్మాయి తప్పించుకోగలిగింది. అబ్బాయి శవం సంగారెడ్డి జిల్లాలో దొరికింది. అక్కడ ఇద్దరివీ అగ్రకులాలుగా చలామణీ అయ్యేవే. యంత్రం మారినంత మాత్రాన మనుషుల మధ్య సంబంధాలు వాటంతట అవే మారవని మనం పుస్తకాలలో చదువుకొన్నది ఈ రోడ్డు మీదనే రుజువయింది.

ఇక గతంపట్ల ఇంత ఔదార్యం ఎందుకు? కోఠీలోని పాత రెసిడెన్సీ భవనాన్ని చూడండి. తర్వాత మహిళా కళాశాలగా, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయంగా వున్న చోటు అది. 1798 నుంచి 1805 వరకు అక్కడ బ్రిటిషు రెసిడెంటుగా వున్న జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్, నిజాం దర్బారుకు చెందిన గొప్ప కుటుంబపు అమ్మాయి ఖైరున్నిసాను ఇస్లాం స్వీకరించి పెళ్ళాడాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఈ వ్యవహారంపై విచారణ జరిపించాడు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపించారు. తల్లి వారిని తిరిగి చూడలేదు. అదే సంవత్సరం కర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఆమె 1813లో మరణించింది. ఈ కథను చెప్పుకొని నేటి హైదరాబాదు నిట్టూరుస్తుంది. ఎందుకంటే ఖైరున్నిసా ఇప్పుడు ఎవరి చెల్లెలూ కాదు. ఆమె పెళ్ళివల్ల ఎవరి పొలమూ పంచుకోవలసిన పని లేదు, ఎవరి పంక్తీ మైలపడదు. మరణించిన ప్రేమికులు మననుంచి ఏమీ కోరరు.

ఇక్కడ మరొక సంగతి మరువరాదు. ఆ ప్రేమ మొదలయ్యేనాటికి ఆమె వయస్సు సుమారు పధ్నాలుగేళ్ళు; అతడు సామ్రాజ్య ప్రతినిధి. ఈ విషయం నిట్టూర్పులలో వినపడదు. నిషిద్ధమైనంత మాత్రాన ప్రతి ప్రేమా పవిత్రం కాదు. మనం కాపాడవలసినది ప్రేమ అనే మాటను కాదు. వయస్సు వచ్చిన మనిషి, బెదిరింపు లేకుండా, తన జీవితాన్ని తాను నిర్ణయించుకొనే హక్కును. గతాన్ని కన్నీటి పొరలోనుంచి చూచేవాడు వర్తమానంలో ఈ హక్కును గుర్తించలేకపోవటమే కాదు, గతంలో దాని లోపాన్ని కూడా గుర్తించలేడు.

వర్తమానంలో ఈ హక్కుకు అడ్డుపడేది కేవలం మూర్ఖత్వమైతే చదువుతో పోయేది. ఆస్తి వారసత్వానికీ స్త్రీమీద అదుపుకూ గల సంబంధాన్ని ఏంగెల్సు 1884లోనే వివరించాడు. మన దేశానికి సంబంధించి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవటం కులానికి ప్రాణమని అంబేద్కరు 1916లో నిరూపించి, కులాంతర వివాహమే అసలు మందు అని 1936లో ప్రకటించాడు. నా విద్యార్థి తండ్రి అన్నం మానేసినది కూతురిమీద ప్రేమ లేక కాదు. కులం ఆయనకు అప్పు పుట్టే చోటు, పలుకుబడి, మిగిలిన పిల్లల పెళ్ళిళ్ళు. ఆ భయాన్ని అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోవటం వేరు, ఆ భయానికి ఒక అమ్మాయి జీవితాన్ని జమకట్టటం వేరు.

చట్టం ఈ విషయంలో సమాజం కంటే కొంత ముందు నడిచింది. ఇద్దరు వయోజనులు పెళ్ళికి సమ్మతిస్తే కుటుంబం అనుమతి గాని, కులపెద్దల అనుమతి గాని అక్కరలేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పింది. అదే సంవత్సరం సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమను నేరాల పట్టికనుంచి తొలగించింది. మిర్యాలగూడ హత్య ఆ తర్వాత ఎనిమిది రోజులకు జరిగింది. 2023 అక్టోబరులో, హైదరాబాదులో నివసించే ఇద్దరు పురుషులు కూడా పిటిషనర్లుగా వున్న కేసులో, స్వలింగ జంటలకు వివాహపు హక్కు ఇవ్వటానికి అదే కోర్టు నిరాకరించింది. కనుక 'ఆ రోజుల్లో' అని ఆ అమ్మాయి అన్న రోజులు ముగియలేదు. 1968 నాటి ఆ పోలీసు యువకులు ఈనాడు గచ్చిబౌలిలో ఇల్లు అద్దెకు అడిగితే, మా గదిలోని ఎంతమంది వారికి హామీ నిలుస్తారు?

ఐతే కన్నీరు పూర్తిగా వ్యర్థమా? నేననను. సాహిత్యం బోధించి బతికేవాణ్ణి, అలా అనలేను. ఏడవటం చేతకానివాడు కదలడు. కాని ఆ కన్నీరు ఎక్కడికి దారి తీసిందన్నదే గీటురాయి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. వితంతువులను చూచి జాలిపడినవారు అప్పటికే చాలామంది వున్నారు. వారిలో ఆ పెళ్ళికి వచ్చి పంక్తిలో కూర్చున్నవారు కొద్దిమంది. కూర్చున్నవారికి వెలి తప్పలేదు. వంటవారూ నీళ్ళవారూ రాకపోతే రాజ్యలక్ష్మమ్మ ఆ పనులు తన నెత్తిన వేసుకొన్నది. సానుభూతి ఎవరిదో తేల్చినది ఆ పంక్తిభోజనం. ఈనాడు వీరేశలింగాన్ని పొగడనివాడు లేడు, పొగడ్తకు ఖర్చు లేదు గనుక.

ఇక నా సంగతి. నాలుగేళ్ళ క్రితం ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చింది. ఆమెదీ, ఆమె పెళ్ళాడదలచిన యువకునిదీ వేరువేరు మతాలు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, 30 రోజులు ఆగి, రిజిస్ట్రారు ఎదుట ముగ్గురు సాక్షుల సంతకాలతో పెళ్ళి చేసుకోవాలి. ఇద్దరు సాక్షులు దొరికారు. "మూడో సంతకం మీరు చేస్తారా, సార్?" అని అడిగింది. ఆ రోజు పరీక్షల డ్యూటీ వుందన్నాను. డ్యూటీ వున్నమాట నిజమే. మరొకరితో మార్చుకోవచ్చునన్నది కూడా నిజమే. ఆమె బంధువులు కాలేజీకి వస్తారని భయపడ్డాను. ఆ పెళ్ళికి మూడో సంతకం ఆఫీసు బయట టీ అమ్మే మనిషి చేశాడని తర్వాత తెలిసింది. పొయ్యి ఇంకొకరికి అప్పగించి వచ్చి, సంతకం పెట్టి, తిరిగి వెళ్ళి టీ కాచుకొన్నాడట. అదే నెలలో నేను క్లాసులో 'కన్యాశుల్కం' ఎంతో ఆవేశంగా పాఠం చెప్పాను.

ఆ అపరాధ కథను తలచుకొన్నప్పుడు నాకు ఇప్పుడు హంతకుడు గాని, డిటెక్టివు గాని గుర్తురావటం లేదు. అలాంటి కేసు అంతకాలం మూతపడి వుండటానికి కారణం, ఎంతో కొంత తెలిసినవారు నోరు మూసుకొనటమే. ప్రేక్షకుడు తనను వెదుకుకోవలసినది ఆ మౌనసాక్షులలో. నేను వెదికితే కనిపించాను.

నా విద్యార్థికి నేనిచ్చిన జవాబు: "మీ చెల్లెలితో మాట్లాడతాను. కాని ఆగమని చెప్పను. సాక్షి కావలసివస్తే పిలవమని చెబుతాను." అతడు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోను చేయటం మానేశాడు. పది రోజులకు ఆ అమ్మాయే ఫోను చేసింది. "అన్నయ్య మీమీద కోపంగా వున్నాడు సార్. మేము నోటీసు ఇచ్చాము" అన్నది. వారి తారీఖు కాలేజీ వున్న రోజున పడింది. సెలవు చీటీ రాసి ఇచ్చాను.

ఇందులో సాహసమేమీ లేదు. టీ అమ్మే ఆ మనిషి నాకంటే నాలుగేళ్ళు ముందున్నాడు. అధ్యాపక మిత్రులనూ, విద్యార్థులనూ నేను కోరేది ఒక్కటే. గతంలోని ప్రేమికుల కోసం ఇకముందు కూడా కన్నీరు కార్చండి. ఆ తర్వాత ఇంట్లో ఫోను మోగినప్పుడు ఏమంటున్నామో, మన మాట మనమే చెవిపెట్టి విందాము.