సేవకు ముందు సాధన

పరుల దుఃఖమును చూచి కరగుట మానవ సహజము. అయినను కరగిన ప్రతి హృదయము సేవకు సిద్ధమైనదని చెప్పుటకు వీలులేదు. యుద్ధములు, వరదలు, కరవులు, అంటువ్యాధులు సంభవించిన చోట్ల ఆర్తులను ఆదుకొనుటయే జీవితవృత్తిగా స్వీకరింపవలెనని నేడు పలువురు యువతీయువకులు కోరుచున్నారు. ఈ ఆశయము శ్లాఘనీయము. కాని దీని వెంట రెండు సందేహములు పుట్టుచున్నవి. ఆకలిగొన్నవాడు ఎదుట నిలిచియుండగా శిక్షణ పేరిట సంవత్సరములు గడుపుట న్యాయమా? ఇది మొదటిది. సేవకు జీతము తీసికొనుట తగునా? ఇది రెండవది.

మొదటి సందేహమునకు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 1859 జూన్ 24వ తేదీన ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో వద్ద ఘోర యుద్ధము జరిగెను. వ్యాపార కార్యముపై అటు వచ్చిన హెన్రీ డ్యూనాంట్ అను స్విట్జర్లాండు దేశీయుడు, సమీపమున గల కాస్టిల్యోనె పట్టణములో వేలాది క్షతగాత్రులు దిక్కులేక పడియుండుట చూచెను. ఆ ఊరి స్త్రీలు శత్రుమిత్ర భేదమెంచక వారికి నీరిచ్చిరి, గాయములు కడిగిరి. వారి దయకు కొరత లేదు. కొరతపడినవి వైద్యులు, కట్టు కట్ట నేర్చిన చేతులు, ముందుగా కూర్చుకొన్న సామగ్రి. కావుననే డ్యూనాంట్ 1862లో ప్రచురించిన తన గ్రంథములో, శాంతికాలముననే సేవాసంఘములను ఏర్పరచి, యోగ్యులైన సేవకులను సిద్ధము చేసియుంచవలెనని సూచించెను. మరుసటి సంవత్సరమే జెనీవాలో రెడ్‌క్రాస్ ఉద్యమమునకు అంకురార్పణ జరిగెను.

మన దేశమునను ఇట్టి నిదర్శనము కలదు. 1971లో తూర్పు బెంగాలు నుండి లక్షలాది కాందిశీకులు తరలివచ్చినప్పుడు, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ వద్ద కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను నిండుకొనెను. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి రోగులచే త్రాగించెను. దాదాపు నూటికి 30గా ఉండిన మరణములు నూటికి 4 కంటె తక్కువకు తగ్గెను. చూచినవారికి ఇది సమయస్ఫూర్తిగా తోచవచ్చును. నిజమునకు 1966 నుండి కలకత్తాలో ఆయన ఈ చికిత్సపై పరిశోధన సాగించుచునే యుండెను. ఆ సంవత్సరములను కాలహరణమని ఎవరనగలరు? ఆపద వచ్చిన నాడు నేర్చుకొనుటకు తీరిక యుండదు.

అట్లని సాధన యనగా వైద్యవిద్య యొక్కటే కాదు. నీటి సరఫరా, పారిశుద్ధ్యము, గిడ్డంగి నిర్వహణ, జమాఖర్చులు, పరుల భాష, ఇవన్నియు దానిలోనివే. 1997లో ఆరంభమైన స్ఫియర్ ప్రమాణముల ననుసరించి శిబిరములో మనిషికి దినమునకు కనీసము 15 లీటర్ల నీరు, 20 మందికొక మరుగుదొడ్డి ఉండవలెను. ఈ అంకెలు శుష్కములుగా కనిపించును. కాని వరుస చివర బిందె పట్టుకొని నిలిచిన బాలికకు నీరు దొరకునా లేదా యనునది ఈ లెక్కపైననే ఆధారపడియున్నది. మనస్సునకును శిక్షణ కావలెను. 1991లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మానవత, తటస్థత, నిష్పాక్షికత అను మూడు సూత్రములను సహాయ కార్యమునకు ఆధారముగా నిర్ణయించెను. ముందు మనవారికి, మిగిలినది పరులకు అను తలంపు మంచివారిలోను దాగియుండును. శిబిరములో అడుగిడక ముందే దానిని తనలో గుర్తించి తొలగించుకొనవలెను.

ఇక జీతము మాట. బసవాది శరణుల బోధలో కాయకము, దాసోహము వేరువేరు బాటలు కావు. సత్యశుద్ధమైన శ్రమతో ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిని దాసభావముతో సమాజమునకు సమర్పించుట దాసోహము. ఈ దృష్టితో చూచిన యెడల శ్రమకు తగిన వేతనము దోషము కాదు. శ్రమకు మించినది ఆశించుటయే దోషము. పైగా వేతనము తీసికొనువాడు పనికి జవాబుదారి యగుచున్నాడు. ఇష్టమున్న నాడు వచ్చి, లేని నాడు మానుటకు వానికి వీలులేదు. అయినను ఇందొక అపాయము కలదు. పరుల కష్టముపై బ్రదుకువాడు ఆ కష్టము నిలిచియుండవలెనని తెలియకయే కోరుకొనవచ్చును. దీనికి ఒకటే పరీక్ష: తన అవసరము తీరిపోవునట్లు పనిచేయుచున్నాడా? బన్‌గావ్‌లో ఆ ద్రవమును త్రాగించు పనిని రోగుల బంధువులకు అప్పగించిరి. వైద్యుని నేర్పు ఇంటివారి చేతికి వచ్చెను. దాతనను గర్వమునకు అచట చోటులేదు.

కావున బిడ్డ ఇట్టి వృత్తిని కోరినప్పుడు తల్లిదండ్రులు వారింపనక్కరలేదు. పొగడి పంపివేయనును రాదు. నీకేమి పని వచ్చునని అడుగవలెను. సాధన ప్రారంభించుటకు దూరదేశములకు పోనవసరము లేదు. ఇంట మంచము పట్టిన వృద్ధులకు విసుగక పరిచర్య చేయుట, వసతిగృహపు ఉగ్రాణములో బియ్యపు లెక్క చూచుట, మఠములో నిత్య దాసోహమునకు వంట, వడ్డన నేర్చుట, ఇవి మొదటి పాఠములు. లెక్క తప్పిన నాడు చివరి పంక్తి పస్తుండును. ఆ చివరి పంక్తిని మరువనివాడే ఎంత పెద్ద శిబిరమునకైనను అర్హుడు.